అడక్కుండా చెప్పిన మాట

మా మామయ్యగారి మీద నాకు ఒకటే ఫిర్యాదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే అందరి మామగార్లలా "ఉప్పెక్కువైందమ్మా" అని ఊరుకోరు. "ఈ పప్పులో ఉప్పు వేసింది ఎవరు? వేసేటప్పుడు వంటింట్లో ఇంకెవరైనా ఉన్నారా? రుచి చూసే అవకాశం ఉండి కూడా చూడలేదా?" అని అడుగుతారు. మూడో ప్రశ్నకి వచ్చేసరికి నేనే నేరం ఒప్పేసుకుంటాను. రాజమండ్రి కోర్టులో మా మామయ్యగారు, లాయరు విస్సంరాజుగారు, క్రాస్ చేస్తారంటే సాక్షులు ముందురోజే జ్వరం తెచ్చుకుంటారట. మాకు ఆ వీలూ లేదు. థర్మామీటరు చూసింది ఎవరని అడుగుతారు.

అలాంటి మనిషి నిన్న సాయంత్రం నుంచి ఇంట్లో ఎవర్నీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మా అందరికీ భయం వేసింది అందుకే.

నిన్న సాయంత్రం మా ఆడపడుచు శ్రీసత్య నాచేత ఫోను లాకు తీయించుకుని కాకినాడకి ఫోన్ చేసింది. లా పాసై, నల్లకోటు వేసుకుని ఇంకా ఏడాది నిండలేదు. అక్కడి ఎరువుల కంపెనీలో లా ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. పొద్దున్న ఎన్నింటికి రావాలో కనుక్కుందామని చేస్తే, అవతల మేనేజరుగారు ఆశ్చర్యపోయారు.

"అదేంటమ్మా, మీరు రావట్లేదని మీ ఇంటినుంచే చెప్పారు కదా?"

"ఎవరు చెప్పారండి?"

"పేరు చెప్పలేదు. పెద్దాయన గొంతు. 'షి ఈజ్ నాట్ ప్రెస్సింగ్ ది అపాయింట్‌మెంట్' అన్నారు. మాకు సరిగ్గా అర్థం కాలేదు. రారు కాబోలు అనుకున్నాం."

కోర్టులో ఏదైనా పిటిషను వదిలేసుకునేటప్పుడు లాయర్లు జడ్జిగారికి చెప్పే మాట అది. మా ఇంట్లో ఆ భాష మాట్లాడేవారు ఒక్కరే. రెండోసారి పెరుగు వద్దనడానికి కూడా "నాట్ ప్రెస్సింగ్ అమ్మా" అంటారు. పైగా పైఊళ్ళకి చేసుకోకుండా ఫోనుకి వేసిన ఎస్టీడీ లాకు నంబరు ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నా గొంతు ఎంత బొంగురుపోయినా పెద్దాయన గొంతులా ఉండదు.

మేనేజరుగారు మర్యాదగానే చెప్పారట. "ఇంట్లో ఒకరు రారంటే, ఇంకొకరు వస్తానంటే మేం ఎవరి మాట పట్టుకోవాలమ్మా? లీగల్ సెక్షన్‌లోకి మనిషిని తీసుకుంటూ కూడా ఒక తగాదాని తెచ్చుకోలేం. చెప్పినాయనే మళ్ళీ చెప్పాలి. శనివారం మాకు ఒంటిపూట. ఒంటిగంటకి ఆఫీసు మూసేలోగా ఫోన్ రాకపోతే తర్వాతవాళ్ళకి ఆర్డరు పంపేస్తాం."

ఈరోజే శనివారం.

*

పొద్దున్న టిఫినుకి పెసరట్లు. రెండో శనివారం కాబట్టి కోర్టు లేదు. మామయ్యగారు పేపరు ఎత్తిపట్టుకుని కూర్చున్నారు. అట్టు పెట్టినప్పుడు చూసిన పేజీయే, అది చల్లారాక కూడా చూస్తున్నారు.

శ్రీసత్య ఎదురుగా కూర్చుని తింటోంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని మేమందరం ఎదురుచూస్తున్నాం. ఏడ్చినవాళ్ళని ఓదార్చడం మా ఇంట్లో అందరికీ వచ్చు. ఊరికే కూర్చున్న మనిషిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు.

మా ఆయన రెండో అట్టు మడిచి నోట్లో పెట్టుకుని లేచారు. "భీమవరం వెళ్ళాలి. చెరువులో రొయ్యలు మేత ముట్టట్లేదట."

ఇంట్లో గొడవ వచ్చిన ప్రతిసారీ భీమవరంలో రొయ్యలకి ఏదో ఒకటి అవుతుంది. ఆ జీవుల కష్టం తలుచుకుంటే జాలేస్తుంది నాకు.

మోటారుసైకిలు చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళాక మా అత్తయ్యగారు జానకీదేవిగారు అట్లకాడ కింద పెట్టారు.

"మీరేమైనా చెబుతారేమోనని చూస్తున్నానండి."

"ఏ విషయం?" పేపరు వెనకనుంచి.

"ఏ విషయమో నన్నే చెప్పమంటారాండి?"

పేపరు కదల్లేదు. "అట్టు బాగుంది."

"బాగుందని నాకు తెలుసండి. నేనే పోశాను."

మా రాజుల ఇళ్ళల్లో ఎంత కోపం వచ్చినా 'అండి' తీసెయ్యరు. కోపం పెరిగేకొద్దీ అండీలు పెరుగుతాయి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తయ్యగారు మామయ్యగారిని ఎంత గౌరవిస్తారో అని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, అవి తిట్లని.

"ఇన్నేళ్ళ కాపురంలో మీరు అబద్ధం ఆడగా నేను వినలేదండి," అన్నారావిడ.

"ఇప్పుడు మాత్రం ఏం ఆడాను?"

"అదేనండి. ఇప్పుడూ ఆడట్లేదు. నోరే విప్పట్లేదండి."

శ్రీసత్య కంచం తీసుకుని లేచింది. తండ్రి కుర్చీ పక్కనుంచే వెళ్ళింది. ఆయన కాళ్ళు కొంచెం వెనక్కి తీసుకుని దారి ఇచ్చారు. అంతే. నిన్నటినుంచి తండ్రీకూతుళ్ళ మధ్య జరిగిన సంభాషణ అదొక్కటే.

*

వంటింట్లో నేను కాఫీ డికాక్షను దించుతుంటే శ్రీసత్య వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"మీ అన్నయ్య మీ నాన్నగారి గొంతు అచ్చు దించేస్తారు," అన్నాను మెల్లిగా. "ఆయన లేనప్పుడు, నాకు వినిపించడానికి. భీమవరం లేదూ ఏం లేదు, సందు చివర ఎస్టీడీ బూతు దాకా వెళ్ళి ఉంటారంతే. కేకేస్తే వెనక్కొస్తారు. కాకినాడవాళ్ళకి ఆ గొంతు చాలు."

నవ్వొచ్చినట్టే వచ్చి ఆగిపోయింది దాని మొహంలో. "వద్దొదినా. నాన్నగారికి తెలియకుండా నాన్నగారి తరఫున మాట్లాడ్డమా? అప్పుడు ఆయన నాకు చేసిందే నేను ఆయనకి చేసినట్టు."

"మరి ఉద్యోగం?"

"పోతుంది."

"పోతే?"

"ఉందిగా టేబులు," అంది.

ఆ టేబులు సంగతి చెప్పాలి. శ్రీసత్య లా ఆఖరి సంవత్సరంలో ఉండగానే మామయ్యగారు మంచి టేకుతో చేయించి, ఆఫీసు గదిలో తన టేబులు పక్కనే వేయించారు. "మా అమ్మాయిది" అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. లా చదివినవాళ్ళకి ఎన్ని దారులున్నాయో మా కాలింగ్ బెల్ కొట్టిన ప్రతివారికీ తెలుసు. మెజిస్ట్రేటు పరీక్ష రాయమన్నవారు కొందరు, బ్యాంకులో లా ఆఫీసరు మంచిదన్నవారు కొందరు, ఎల్.ఎల్.ఎమ్. చేసి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటే ఎండకి తిరగక్కర్లేదన్నవారు కొందరు. అందరికీ ఆయన ఒకటే జవాబు. చెయ్యి చాపి టేబులు చూపించేవారు.

కోటు వేసుకున్నాక శ్రీసత్య ఆ టేబులు దగ్గర మొదటి సాయంత్రం కూర్చుంది. రొయ్యల చెరువుల రాజుగార్లు నలుగురొచ్చారు. ఆడపిల్ల ముందు కాళ్ళు బారచాపుకుని చుట్ట కాల్చలేక ఇబ్బందిపడ్డారు. "నువ్వు లోపల కూర్చుని రాసుకోమ్మా, ఇక్కడ గోల," అన్నారు మామయ్యగారు. అప్పటినుంచి అది పడమటింట్లోనే రాస్తోంది. టేబులు మీద క్లయింట్లు తెచ్చిన చక్కరకేళి గెలలు ముగ్గుతున్నాయి. ముగ్గబెట్టేది నేనే. టేకు మీద బాగా ముగ్గుతాయి.

"ఏడాది అవుతోంది వదినా," అంది శ్రీసత్య. "జడ్జిగారికి నా మొహం తెలీదు."

గోడ గడియారం వైపు ఇద్దరం ఒకేసారి చూశాం. చూడనట్టు తల తిప్పుకున్నాం.

*

ఆఫీసు గదిలో సూరమ్మగారు వచ్చి కూర్చున్నారు. కడియంలో పెద్ద పూలమొక్కల నర్సరీ ఆవిడది. గట్టి మనిషి, ఇంకా గట్టి గొంతు. వచ్చిన ప్రతిసారీ రెండు కుండీలు తెస్తారు. ఈసారి తెచ్చినవి శ్రీసత్య టేబులు మీద పెట్టారు, గెల పక్కన.

మరిదితో భాగాల తగాదా. ఇంతకుముందున్న లాయరు, ఆవిడ కోర్టుకి రాని రోజు చూసి, "మావాళ్ళు రాజీకి ఒప్పుకున్నారండి" అని జడ్జిగారికి చెప్పేశాడు. సగం తోట అటు వెళ్ళిపోయింది. ఆ రాజీ రద్దు చేయించడానికి ఇప్పుడు మామయ్యగారి దగ్గరకొచ్చారు. ఆవిడ చెప్పిందంతా పడమటింట్లో కూర్చోబెట్టి విని, అఫిడవిట్ రాసింది శ్రీసత్యే. సోమవారం దాఖలు చెయ్యాలి.

వంటింటి గుమ్మంలోంచి నాకు ఆ గది కనిపిస్తుంది. మామయ్యగారు పైకి చదువుతున్నారు. జూనియరు ఎజ్రా పక్కన పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు. మంచి తెలివైనవాడని అందరూ అంటారు. కోర్టులో అతని నోట వచ్చే మాట మాత్రం ఒక్కటే, "సీనియరుగారు దారిలో ఉన్నారండి, కాసేపు ఆగమని ప్రార్థన."

"సదరు వకీలుగారు నన్ను సంప్రదించకుండా, నా అనుమతి లేకుండా, నేను రాజీకి అంగీకరించినట్లు కోర్టువారికి చెప్పియున్నారు..."

మామయ్యగారి గొంతు కొంచెం తగ్గింది. తర్వాతి వాక్యం కళ్ళతో చదివి ఆగిపోయారు.

"ఇదేంటి ఎజ్రా? 'నా మేలు కోరే చెప్పానని ఆయన అంటున్నారు. నా మేలు ఏమిటో నన్ను అడగలేదు.' ఇది కొట్టెయ్యి. అఫిడవిట్‌లో వాస్తవాలుండాలి గాని ఏడుపులు కాదు."

"ఎందుకు కొట్టేస్తారండీ?" సూరమ్మగారి గొంతు వంటింటిదాకా వచ్చింది. "అది నేను చెప్పిందే. ఆ పాప ఉన్నదున్నట్టు రాసింది."

"కోర్టుకి పనికిరాదమ్మా అది."

"పనికొస్తుందో రాదో మీరే చెబుదురుగాని. నేను రాయమన్నానా లేదా? ముందాయన కూడా ఇంతేనండి. నేనన్నది కొట్టేశాడు, అననిది చెప్పేశాడు. నా నోరేమైనా అద్దెకిచ్చానా?"

నేను కాఫీలు పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి ఎజ్రా పెన్సిలు గాలిలో ఉంది.

"ఏం చెయ్యమంటారండి?" అన్నాడు.

మామయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఉంచు."

అప్పుడే వెనకనుంచి శ్రీసత్య వచ్చింది. క్లయింట్లున్నప్పుడు ఆ గదిలోకి రావడం మానేసిన మనిషి. గెల ఎత్తి కింద పెట్టింది. ఒక కుండీ ఎత్తి కింద పెట్టింది. రెండోది కూడా పెట్టింది. చీర కొంగుతో టేబులు మీద మట్టి తుడిచి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, క్లయింటు ఉన్నారు," అన్నారు మామయ్యగారు, తలెత్తకుండా. "తర్వాత మాట్లాడుకుందాం."

"వాయిదానాండి నాన్నగారూ?"

"నేను బయట కూర్చోనా?" అంటూ సూరమ్మగారు కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగి సర్దుకున్నారు.

శ్రీసత్య ఎజ్రా వైపు తిరిగింది. "అన్నయ్యా, మీరు ఈ గదిలో చేరినరోజు నాన్నగారు మీకు చెప్పిన మొదటి మాట ఏంటి?"

ఎజ్రా సీనియరు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇన్‌స్ట్రక్షన్స్ లేకుండా నోరు విప్పొద్దన్నారండి. క్లయింటు పక్కనే నిలబడి ఉన్నా, ముందు వాళ్ళ చెవిలో అడిగి, తర్వాత జడ్జిగారికి చెప్పమన్నారు."

"నాకూ అదే చెప్పారు. కోటు వేసుకున్న రోజు."

"చాలమ్మా!" మామయ్యగారి చెయ్యి బల్ల మీద పడింది. కాఫీ సాసరులోకి ఒలికింది. "నువ్వు నా క్లయింటువి కాదు. నా కూతురివి. కూతురి గురించి తండ్రి మాట్లాడ్డానికి ఎవరి ఇన్‌స్ట్రక్షన్స్ కావాలి?"

గుమ్మంలోంచి అత్తయ్యగారి గొంతు వచ్చింది, చాలా మెత్తగా. "అయితే ఫోను చేసింది మీరేనన్నమాటండి."

ఇంత పేరున్న లాయరుగారు అంత తేలిగ్గా దొరికిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నా ఉప్పు విషయంలో కూడా నేను మూడు ప్రశ్నలదాకా ఆగుతాను.

"చేశాను," అన్నారాయన. "చేస్తే ఏం? జీతానికి చేరితే కోర్టులో నిలబడ్డానికి లేదు, ప్రాక్టీసుకిచ్చిన సన్నదు ఆపేసుకోవాలి, తెలుసా మీకెవరికైనా? కోటు తీసి బీరువాలో పెట్టేస్తుందట. కంపెనీవాడు ఏది సరైందంటే అదే సరైందని రాస్తుందట. నేను బతికుండగా నా కూతురు ఒకడి కింద పనిచెయ్యాలా? మెజిస్ట్రేటు పరీక్ష రాస్తానను, పుస్తకాలు నేను తెస్తాను. సర్కారు వకీలు పోస్టుకి వెళ్తానను, నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. ఎవర్నైనా కాదన్నానా నేను?"

"ఎజ్రా అన్నయ్య వెళ్తానంటే వెళ్ళనిచ్చారా?"

"ఎజ్రా నన్ను ఎప్పుడూ అడగలేదు."

ఎజ్రా పెన్సిలు బల్ల మీద పెట్టాడు. దొర్లిపోకుండా వేలితో ఆపాడు.

"అడిగానండి," అన్నాడు. "మీరు వాయిదా వేశారు."

మామయ్యగారు అతని వైపు తిరిగి చూశారు. తొమ్మిదేళ్ళుగా తన ఎడమపక్క నిలబడ్డ మనిషిని ఎదురుగా చూడడం అదే మొదటిసారేమో అనిపించింది నాకు. ఎజ్రా చెవుల దగ్గర జుట్టు నెరవడం మొదలైంది.

"పరీక్ష రాసే వయసు దాటిపోయిందండి," అన్నాడు ఎజ్రా. "అది నా తప్పే. గట్టిగా అడగలేదు."

శ్రీసత్య టేబులు మీద అరచెయ్యి ఆనించింది. "ఈ టేబులు నాదని ఊరంతా చెప్పారు నాన్నగారూ. ఒక్కరోజు కూర్చోనిచ్చారా? నేను రాసింది ఎజ్రా అన్నయ్య పట్టుకొస్తారు. అన్నయ్య పట్టుకొచ్చింది మీరు కోర్టుకి తీసుకెళ్తారు. జడ్జిగారు బాగుందంటే మీరు ఇంటికొచ్చి నాకు చెబుతారు. అక్కడ కంపెనీలో నేను రాసిన కాగితం కింద నా సంతకం ఉంటుందండి. తప్పైతే నన్నే అడుగుతారు. అంతకంటే నాకేం వద్దు."

"నా తర్వాత ఇదంతా నీదే కదమ్మా."

"మీ తర్వాత దాకా నన్నేం చెయ్యమంటారు?"

క్రాసులో అలాంటి ప్రశ్న వస్తే "అబ్జెక్షన్" అనొచ్చు. సొంత ఆఫీసు గదిలో ఎవరితో అంటారు?

కళ్ళజోడు తీశారు. తుడవలేదు, ఊరికే పట్టుకున్నారు. ఆయన చూపు అఫిడవిట్ మీద, కొట్టెయ్యకుండా ఉంచిన ఆ వాక్యం దగ్గర ఆగింది. సూరమ్మగారు ఏదో అనబోయారు. అత్తయ్యగారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు.

మా ఫోనుకి పొడుగాటి వైరు. హాల్లో ఒకచోట కదలకుండా కూర్చుని మాట్లాడడం ఇష్టంలేక మామయ్యగారే వేయించుకున్నారు. నేను హాల్లోకి వెళ్ళి, లాకు నంబరు నొక్కి, ఫోనెత్తుకొచ్చి, ఒలికిన కాఫీ కప్పు తీసేసి ఆ స్థానంలో పెట్టాను.

"కాఫీ వేరేది తెస్తాను మామయ్యగారూ," అన్నాను. "ఈలోగా ఇది ఉండనివ్వండి."

ఆయన నావైపు చూశారు. నేను గెల వైపు చూశాను.

ఆయన రిసీవరు ఎత్తారు. నంబరు ఎక్కడా చూసుకోకుండా నొక్కారు. ఎంగేజ్. పెట్టేశారు. హాల్లో గడియారం పన్నెండున్నర అయినట్టు ఒక గంట కొట్టింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఎంగేజ్. శ్రీసత్య టేబులు అంచు పట్టుకుని ఉంది.

మూడోసారి అవతల మోగుతున్న చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

"నమస్కారమండి. రాజమండ్రినుంచి విస్సంరాజును. అడ్వకేటుని." ఆగారు. "అవునండి, ఆ గొంతు నాదే. శ్రీసత్య మా అమ్మాయి."

అవతల ఏదో అడిగారు.

"అనారోగ్యం కాదండి. ఇంకో ఉద్యోగమూ కాదు." రిసీవరు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "ఆ రోజు నేను చెప్పింది మా అమ్మాయి చెప్పమన్న మాట కాదండి. ఆవిణ్ణి నేను అడగలేదు. ఇన్‌స్ట్రక్షన్స్ లేకుండా మాట్లాడాను." కోర్టులో వెనక బెంచీదాకా వినిపించే గొంతుతోనే అన్నారు. "తప్పు చేశానండి. తప్పు నాదే."

ఎజ్రా తలొంచుకుని నిలబడ్డాడు. అత్తయ్యగారు ఒక్క అండి కూడా అనలేదు.

అవతలివాళ్ళు చాలాసేపు మాట్లాడారు. ఆయన మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. చివరికి అవతలనుంచి, సోమవారం వస్తారా అని కాబోలు, ఏదో ప్రశ్న వేసి జవాబు కోసం ఆగినట్టున్నారు. మామయ్యగారు జవాబు చెప్పబోయి, ఆగారు. రిసీవరు మీద అరచెయ్యి మూసి, కుర్చీలోంచి లేచి, రెండడుగులు వేసి శ్రీసత్య టేబులు దగ్గరకొచ్చారు. వంగి, దాని చెవి దగ్గర నోరు పెట్టి అడిగారు.

"ఏం చెప్పమంటావమ్మా?"